ముసుగోడు మా మాట మాట్లాడిన నెలలు

పంతొమ్మిది వందల అరవైల్లో మా మామ, అంటే మేం అవ్వ అని పిలిచే అమ్మకు తమ్ముడు, కొత్తకోట బస్టాండులో పాన్‌డబ్బా నడిపేవాడు. పత్రికలూ అమ్మేవాడు. అమ్ముడుపోని పిల్లల మాసపత్రిక మా ఊరికి పంపేవాడు. ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. పొద్దుగూకి గొర్లను దొడ్డిలోకి తోలాక బాపుకూ అవ్వకూ అందులోని బొమ్మల కథ చదివి వినిపించేదాన్ని.

ఆ కథలో ఒక వీరుడు ఆకాశంలో ఎగిరేవాడు. పొలం లేదు, గొర్లు లేవు, కాబట్టి లోకాన్ని కాపాడటానికి అతనికి బోలెడు తీరిక. అతని శత్రువు ఒక ముసుగువాడు. మొదటి రచయిత వాడికి కోటు తొడిగి, నోట్లో చుట్ట పెట్టాడు. ఊరు తగలబెట్టే ముందు కూడా వాడు గ్రాంథికంలో సెలవు తీసుకునేవాడు.

"గింత మర్యాదగ మాట్లాడుతుండు. వీడు దొంగ గాదు బిడ్డా, పట్వారీ" అనేవాడు బాపు, ఊరి భూముల లెక్కలు రాసే ఆయన్ని తలుచుకుని.

కొన్నాళ్లకు రచయిత మారాడు. కొత్తాయన ముసుగువాడి కోటు విప్పించి గొంగడి కప్పాడు. చేతికి కర్ర ఇచ్చాడు, ఒంటికి ఇంకాస్త నలుపు పూయించాడు. వాడు నోరు తెరిచి, "ఏందిరో, నన్ను పట్టుకుంటవా? జర ఆగు!" అన్నాడు.

చదువుతూ ఆగిపోయాను. బాపు మాత్రం తొడ చరిచి నవ్వాడు. "అరె, వీడు మనోడేనే!"

వీరుడు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడేవాడు. మా మాట ఆ పత్రికలోకి అడుగుపెట్టడం అదే మొదలు. దోపిడీ చేయడానికి తప్ప దానికి లోపలికి అనుమతి లేదు. బళ్లో నేను "గట్ల" అంటే సారు బెత్తం చూపేవాడు కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. కోపం వచ్చేది. కానీ బాపు సంతోషం చూసి నోరు మూసుకునేదాన్ని. ముసుగువాడు నెలనెలా గుంటలో పడేవాడు. "పాపం, బువ్వ తిన్నడో లేదో" అని బాపు దిగులుపడేవాడు.

మూడో రచయిత దయగలవాడు. ముసుగువాడికి చిన్నప్పుడే తల్లి పోయిందని కనిపెట్టి, వాడిని మంచివాణ్ణి చేశాడు. గొంగడి పారేయించి, ఏట్లో స్నానం చేయించి, వీరుడి కాళ్లమీద పడేశాడు. "సోదరా, నా కళ్లు తెరిపించావు!"

"ఎవలన్నరు గీ మాట?" బాపు అడిగాడు.

"ముసుగోడే, బాపూ."

"వాని మాట ఏమైంది?"

"మంచోడయిండు గద."

"మంచోడైతే నోరు మార్సుకోవాల్నా?"

మూలన పడుకున్న అవ్వ లేచి కూర్చుంది. "తానం జేస్తే మట్టి పోతది గని, మాట పోతదా?"

బాపు నా చేతిలోని పత్రిక తీసుకుని మూసి పక్కన పెట్టాడు. తర్వాత, "ఇగ పంపొద్దని మామకు చెప్పు" అన్నాడు. కబురు పంపాను.

ఆ ఎండాకాలం ఒకరోజు గుట్ట కింద గొర్లకాడికి సద్ది తీసుకుపోయాను. బాపు చుట్టూ నలుగురైదుగురు కాపరులు కూర్చున్నారు. ఆయన ముసుగువాడి కథ చెబుతున్నాడు. ఆ కథలో వాడు ఏ ఏట్లోనూ మునగలేదు. గొంగడి కప్పుకుని దర్జాగా ఉన్నాడు. పైనుంచి పోతున్న వీరుడే దాహమై కిందికి దిగి, "జర నీళ్లున్నయా, తమ్మీ?" అని అడిగాడు.

"ఎగిరేటోడు సుత మన మాటే మాట్లాడుతుండేంది?" అన్నాడొక కాపరి.

"రోజూ మన ఊరి మీదికెళ్లి పోతడు గద. నేర్సుకున్నడు" అన్నాడు బాపు, తడుముకోకుండా.

కథ అయ్యేదాకా సద్దిమూట పట్టుకుని నిలబడ్డాను. ముసుగువాడు నీళ్లిచ్చి, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కురమ్మని వీరుణ్ణి పంపాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఒక పని దొరికింది.