అక్క సైకిలుకి నాన్న వేసిన లక్క సీలు

మా చిన్నప్పుడు మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా, ముందు నాన్న వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినాల్సిందే... పుచ్చకాయ, కొబ్బరికాయ అంటే సరే. కొత్త స్టీలు బిందె, గ్యాసు సిలిండరు, చివరికి అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం కూడా తప్పించుకోలేదు. మా పుట్టింటివాళ్లు ఇచ్చినదాని మీద కూడా అనుమానమేనా అని అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఏం చేస్తాం... ఆయన ఉద్యోగమే అది. ప్రభుత్వానికి వచ్చిన సరుకుని తనిఖీ చేయడం, బాగోకపోతే పురికొస కట్టి లక్క సీలు వేసి పక్కన పెట్టడం. పగలు ఆఫీసులో చేసిందే సాయంత్రం ఆర్.కె. పురం క్వార్టర్లో మా మీద చేసేవారు.

అలాంటి ఇంట్లోకి ఒక రేసు సైకిలు వచ్చింది.

కింది ఇంటి మెహతా అంకుల్ మేనల్లుడు విదేశం వెళ్తూ వదిలేసిన పాత సైకిలు. కాలేజీలో మా అక్కని మించి సైకిలు తొక్కేవాళ్లు లేరని అంకుల్ దాన్ని అక్కకి ఇచ్చేశారు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు... సీటు కింది గొట్టం మీద ఒక విదేశీ స్టిక్కరు. అతుకు లేకుండా లాగిన మేలు రకం స్టీలు గొట్టాలని దాని అర్థమట. అక్క ఆ స్టిక్కరుని రోజూ పమిట చెంగుతో తుడిచేది.

నాన్నకి మొదటి అనుమానం, ఊరికే ఎందుకిచ్చాడని. రెండోది ఆ స్టిక్కరు మీద. స్టిక్కరుదేముంది, ఎవడైనా అంటిస్తాడన్నారు. బాల్కనీలో గొంతుక్కూర్చుని ఒక్కో గొట్టాన్నీ కొట్టి విన్నారు. మంచి గొట్టం చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉంటుందట... మధ్యలో కొడితే ఖంగుమనాలట. పై గొట్టం ఖంగుమంది. సీటు కిందిదీ అంతే. హ్యాండిలు నుంచి పెడళ్ల దాకా ఏటవాలుగా దిగే గొట్టం మాత్రం దబ్బుమంది.

ఎక్కడో గుద్దించి, ఆ ఒక్క గొట్టం మార్చి, నాసిరకంది వేసి రంగు కొట్టారని తేల్చేశారు. వేగంలో అది విరిగితే పిల్ల మూతి పళ్లు రాలతాయన్నారు.

ఆ ఆదివారమే ఇండియా గేటు దగ్గర కాలేజీల రేసు. ముందురోజు అక్క ఇంటికొచ్చేసరికి సైకిలు చక్రానికీ బాల్కనీ ఊచకీ కలిపి పురికొస... ముడి మీద ఎర్రటి లక్క సీలు.

అక్క ఏడవలేదు. "మీ అనుమానం గొట్టం మీద కాదు నాన్నా, నా మీద," అంది. నాన్న పేపరు చదువుకుంటూ ఉండిపోయారు.

అక్క అనుమానానికీ కారణం ఉంది. ఆ వారమే పై అంతస్తు ఆంటీ వచ్చి, పెళ్లి కావాల్సిన పిల్ల నిక్కరేసుకుని నడిరోడ్డు మీద తొక్కుతుందా అని అమ్మతో గుసగుసలాడి వెళ్లింది. నాన్న గొట్టాలు కొట్టడం మొదలుపెట్టింది ఆ సాయంత్రమే... అది నేనూ గమనించాను. చెప్పకేం, నాకూ ఆ గొట్టం మాట మీద నమ్మకం కలగలేదు.

అక్క మళ్లీ సైకిలెక్కలేదు. నాన్న ఆ సైకిల్ని పారేయనూ లేదు. తిరస్కరించిన సరుకుని పారేసే అధికారం తనిఖీ చేసినవాడికి ఉండదట! నాన్న రిటైరయ్యాక అది సీలుతో సహా మాతోపాటు వసంత్ కుంజ్‌లోని నా ఫ్లాటుకి వచ్చింది. వాషింగ్ మెషీను వెనక పడి ఉంది.

మొన్నీమధ్య అక్క కూతురు వచ్చింది. ఇంజనీరింగు చదువు, జియా సరాయ్‌లో గది, పాత సైకిళ్ల పిచ్చి. ఆ సైకిలు విప్పి చూస్తానని పానాలన్నీ సంచీలో వేసుకుని మరీ వచ్చింది. సంగతి తెలిసి అక్క గుర్గావ్ నుంచి పరిగెత్తుకొచ్చింది. ఇవాళ తేలిపోవాలంది.

"తాతయ్యా, సీల్ తోడ్ దూఁ? తెంచెయ్యనా?" అని అడిగింది పిల్ల. టీ తాగుతున్న నాన్న తలూపారు.

సీటు ఊడదీసి, దాని కింది గొట్టంలోకి వేలు పెట్టింది. రేకు చుట్టి అతికిన నాసి గొట్టమైతే లోపల అతుకు గీత వేలికి తగులుతుందట. తగల్లేదు. ఏక్‌దమ్ స్మూత్, ఒరిజినలే అంది. అక్క నాన్న వైపు చూసిన చూపు నేను చెప్పలేను... ఇన్నేళ్ల కోపమంతా అందులో ఉంది.

నాన్న తొణకలేదు. "ఏటవాలు గొట్టం చూడమ్మా," అన్నారు.

పెడళ్ల ఇరుసు ఊడదీయడానికి చాలా తంటాలు పడ్డాం. ఈసారి అక్కే ఆ కన్నంలోంచి ఏటవాలు గొట్టంలోకి వేలు పెట్టింది. అలాగే ఆగిపోయింది. నేనూ పెట్టి చూశాను. గీత తగిలింది... గొట్టం పొడుగునా, వేలు పోయినంత మేరా.

అంటే నాన్న చెప్పింది నిజమే. నాకైతే నాన్నని చూస్తే గర్వంగా అనిపించింది, ఆ క్షణం.

నాన్న కప్పు కింద పెట్టారు. "ఆ గీత లేకపోయినా నిన్ను పంపేవాణ్ణి కాదమ్మా. ఇంకేదో వెతికేవాణ్ణి."

అక్క మడ్డి అంటిన వేళ్లు పాత గుడ్డకి తుడుచుకుంటూ కూర్చుంది. కళ్లు నిండిపోయాయి. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే మీతో పోట్లాడైనా వెళ్లేదాన్ని నాన్నా అంది, చాలా మెల్లగా.

ఇప్పుడన్నీ కార్బన్ సైకిళ్లు... స్టిక్కరు చూసి ఫోన్లో ఆర్డరు పెట్టేస్తున్నాం. కొట్టి చూసేవాళ్లూ లేరు, ఖంగుమనేవీ లేవు. మా ఇంట్లో ఆ వేలు కూడా ఇప్పుడు వణుకుతోంది.

నిన్న అక్క ఫోను చేసింది. కూతురు ఏదో రేసుకి పేరిచ్చిందట. తెల్లవారుజామున, హైవే మీద. ఆ పిల్ల సైకిలు ఒకసారి నాన్నతో కొట్టించి చూద్దామా అని అడిగింది.

"గొట్టం కోసమేనా అక్కా?" అన్నాను.

"హైవే మీద అని కూడా నాన్నకి చెప్పు," అని అక్క ఫోను పెట్టేసింది...

మీ ఇళ్లలోనూ ఇలా కొట్టి చూసే చేతులుండేవా? ఉంటే చెప్పండి... అవి మిమ్మల్ని ఏ వంకతో ఆపాయో కూడా.