ముసలితనానికి నోచుకోని గోపమ్మ

సురంగల్ ఊళ్లో ఉండే గోపమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. చూస్తే ముప్పై ఆరు. జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది, ముప్పై రెండు పళ్లూ గట్టిగా ఉన్నాయి, క్యారెట్ బస్తా ఒక్క ఊపులో భుజానికెత్తుతుంది. కొడుకు ధనరాజ్‌కు బట్టతల వచ్చింది, కోడలు నిర్మల మోకాళ్లకు పట్టీలు వచ్చాయి. మొయినాబాద్ పోతే కొత్తవాళ్లు నిర్మలకు దండం పెట్టి, గోపమ్మను చూపిస్తూ "నీ కోడలు మంచి పనిమంతురాలమ్మా" అంటారు. నిర్మల మొహం అప్పుడు చూడాలి!

ఊరంతా కుళ్లుకుంటుంది, ఎంత వరమోనని. వరమట, వరం! ఆమె ఈడువాళ్లు అరుగుల మీద కాళ్లు చాపి మనవరాళ్లతో పిసికించుకుంటున్నారు. ఈమె మాత్రం తెల్లారకముందే లేచి పేడ ఎత్తాలి, కలుపు తీయాలి, వంట చేయాలి. "జర నడుము వాలుస్త బిడ్డా" అంటే, "నీకేమైందత్తా, పోరి లెక్కున్నవ్" అంటుంది నిర్మల. చచ్చేలోగా ఒక్కసారి ముసలిదానిలా కూర్చోవాలి. గోపమ్మకు ఉన్న కోరికల్లా అదే.

ఇదంతా నలభై రెండేళ్ల కిందటి బోనాలనాడు మొదలైంది. మొగుడు పోయి, ఎనిమిదేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని, పూనకం వచ్చిన శివసత్తి ముందు నిలబడింది. "ఏం కావాలె బిడ్డా?" అని పోచమ్మ తల్లి ఆ శివసత్తి నోటితో అడిగింది. "నా పని అయిపోయేదాంక ఒంట్ల సత్తువ తగ్గొద్దు తల్లీ" అంది గోపమ్మ. సేద్యం చేసే ఇంట్లో పని అయిపోవడమేమిటి, పిచ్చిది కాకపోతే! పైగా ఆమెకు అబద్ధం నోట రాదు. ఏటా బోనం ఎత్తుకుని పోయినప్పుడు తల్లి "పనైందా?" అని అడుగుతుంది. ఈమె కోయని టమాటాలు, కట్టని గోడలు తలచుకుని "ఇంక ఉన్నది తల్లీ" అంటుంది. అంతే, ఇంకో ఏడాది వయసు కదలదు.

పక్క ఊరు చిన్న మంగళారంలో ఫాంహౌస్ కట్టుకున్న ఆనంద్ బాబు చెవిన ఈమె సంగతి పడింది. ఆయనకు అరవై ఐదు. వ్యాపారం కొడుకులు చూస్తారు, కారు డ్రైవరు నడుపుతాడు, మొక్కలకు మాలి నీళ్లు పోస్తాడు. ఆయన రోజంతా అద్దం చూసుకుంటాడు.

"ఏం తింటారమ్మా మీరు? ఏ నీళ్లు తాగుతారు?" అని గట్టు మీద నిలబడి అడిగాడు.

"జొన్నరొట్టె, బోరు నీళ్లు సారూ."

నమ్మలేదు. మూడు రోజులు వెంటపడ్డాడు. గోపమ్మ విసిగిపోయి, కొడవలి పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. "అంతేనా!" అన్నాడాయన.

ఆ ఏడు బోనాల్లో అందరికంటే ముందు ఆయనే నిలబడ్డాడు. ఇప్పటి శివసత్తి జంగమ్మ వేపమండలు పట్టుకుని ఊగుతోంది. ఆయన గోపమ్మ మాటలే అప్పజెప్పాడు: "నా పని అయిపోయేదాకా ఒంట్లో సత్తువ తగ్గకూడదు తల్లీ."

"ఇచ్చిన. ఏం పని ఉన్నది బిడ్డా నీకు?"

ఆయన ఆలోచించాడు. డప్పులు కూడా ఆగాయి. పాపం, ఎంత వెతికినా ఒక్క పనీ తట్టలేదు. చూస్తుండగానే రంగేసిన జుట్టు మొదలంటా తెల్లబడింది, బుగ్గలు జారాయి, మోకాళ్లు వంగాయి. డ్రైవరు ఉరికొచ్చి పట్టుకున్నాడు. ఎండదెబ్బ అన్నారు జనం.

గోపమ్మకు మాత్రం సంగతి అర్థమైంది: పని లేకపోతే చాలు, వయసు వచ్చేస్తుంది. ఇంత సులువా! బోనం దించి ముందుకొచ్చింది. వెనక నుంచి నిర్మల తొందరపెడుతోంది: "జల్ది రా అత్తా, ఇంటికి చుట్టాలొచ్చిండ్రు, ఇరవై మందికి వండాలె."

"పనైందా బిడ్డా?" అంది తల్లి.

పీకాల్సిన క్యారెట్ గుర్తొచ్చింది. ఇరవై మంది ఆకలి గుర్తొచ్చింది.

"అయిపోయింది తల్లీ" అంది.

తల ముగ్గుబుట్టయింది. మోకాలు కలుక్కుమంది. అబ్బ, ఎంత హాయి! గోపమ్మ గుడి మెట్టు మీద కూలబడి, కాళ్లు చాపి, ఏడుస్తూ నవ్వింది.

"అయ్యో అత్తా, గిట్లయినవేంది? మరి వంటెవరు చేస్తరు?"

"ఆకలైనోళ్లు చేసుకుంటరు బిడ్డా."

నిర్మల నోరు తెరిచే లోపే వేపమండలు ఆమె వైపు తిరిగాయి. "నీకేం కావాలె బిడ్డా?"

నిర్మల అత్తను చూసింది, డ్రైవరు కారులోకి ఎత్తుతున్న ఆనంద్ బాబును చూసింది.

"ఏమొద్దు తల్లీ" అంటూ వచ్చి, అత్త పక్కనే మెట్టు మీద కూర్చుంది.