అశోక్‌నగర్‌లో కన్సోల్ కేబుల్, నా కడుపుమంట

ఈ ప్రయాణం సీను మీద కడుపుమంటతో మొదలైంది. దాచడమెందుకు? 2012లో మేమిద్దరం కాచిగూడలో ఒక చిన్న నెట్‌వర్క్ కంపెనీలో ఒకేరోజు చేరాం. ఆరునెలలయ్యాక ఇద్దరిలో ఒక్కరినే పర్మనెంట్ చేస్తామన్నారు. సీనుకి కంపెనీ ఇచ్చింది ఇటుకంత లావున్న పాత ల్యాప్‌టాప్. కానీ దాని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉండేది. కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెకి, దాన్ని సెట్ చేసే కన్సోల్ కేబుల్ ఆ పోర్టు నుంచి తగిలించాడంటే పది నిమిషాల్లో పని ముగించి టీకి పోయేవాడు. నాది తళతళలాడే కొత్తది, ఆ పోర్టే లేదు. ప్రతిసారీ అతని ల్యాప్‌టాప్ అడుక్కోవాలి. నవ్వుతూ ఇచ్చేవాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో కొత్త స్విచ్ సెట్ చేయాల్సొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఆన్‌లైన్ పరీక్ష. సీను వేరేచోట ఉండడంతో పని నాకు దక్కింది. తొమ్మిదిన్నరకు కాచిగూడలో షేర్ ఆటో ఎక్కితే పది రూపాయలకు నారాయణగూడలో దింపాడు. అక్కడ కంప్యూటర్ షాపులో యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే కేబుల్ మూడొందల యాభైకి కొన్నాను. దాంతోపాటు, కేబుల్‌ని ల్యాప్‌టాప్ గుర్తుపట్టడానికి కావలసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సీడీ ఇచ్చారు. నా ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు. షాపాయన జాలిపడి పెన్‌డ్రైవ్‌తో డ్రైవర్ ఎక్కించి, కేబుల్‌ని ఎడమ పోర్టులో పెట్టి చూపించాడు. ల్యాప్‌టాప్ ఆ కేబుల్‌కి కామ్ ఐదు అని నంబరిచ్చింది, గుర్తుంచుకోమన్నాడు. మళ్ళీ ఆటో ఎక్కి చిక్కడపల్లి మీదుగా పదకొండుకల్లా చేరాను.

సెంటర్ చూసుకునే పద్మ మేడం తలుపు తీస్తూనే అడిగారు, "సీను సార్ రాలేదా? ఆయనైతే జల్ది చేస్తడు."

నా కళ్ళు కుట్టాయి. ఆ కోపంలో ఎడమ పోర్టులో మౌస్ పెట్టి, కేబుల్ కుడివైపు పెట్టాను. వేగం 9600, పోర్టు కామ్ ఐదు అని ఇచ్చాను. స్విచ్‌తో కనెక్షన్ తెరుచుకోలేదు. కేబుల్‌ని, షాపాయనని, కనబడని సీనుని వరసగా తిట్టుకున్నాను. గంటన్నర తర్వాత, తగిలించిన పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే అక్కడ కామ్ ఆరు అని ఉంది. యూఎస్‌బీ పోర్టు మారితే నంబరూ మారుతుందని అప్పుడు తెలిసింది. ఆరు అని మార్చి ఎంటర్ కొట్టగానే తెర మీద అక్షరాలు కదిలాయి. ఒంటిగంటకి పనైపోయింది.

మా వాళ్ళకో అలవాటుంది. పనిచేసినవాడు తర్వాత వచ్చేవాడి కోసం, స్విచ్ ఉండే ఇనప రాక్ తలుపు లోపల అతికించిన కాగితం మీద వివరాలు రాయాలి. నేను తేదీ, వేగం రాశాను. పోర్టు సంగతి రాయలేదు. మరిచిపోయి కాదు. సీను పాత ల్యాప్‌టాప్ మూలన పడిందని, అతనికీ నాలాంటిదే ఇస్తున్నారని నాకు తెలుసు. కిందికొచ్చి బండి దగ్గర వేడివేడి మిర్చీలు తిని, హాయిగా బస్సెక్కాను.

తర్వాతి వారం సీను కొత్త ల్యాప్‌టాప్, నేను కొన్న కేబుల్ పట్టుకెళ్ళి అక్కడే మూడు గంటలు ఇరుక్కుపోయాడు. పరీక్ష ఆగిపోయింది. అతను నాకు ఫోన్ చేస్తే, కేబుల్ డూప్లికేటేమో అన్నాను. నెలాఖరుకి పర్మనెంట్ అయింది నేనే.

వెళ్ళిపోయే రోజు సీను నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "అన్నా, జర ఇది రాసుకో. కేబుల్ వేరే పోర్టుల పెడితే కామ్ నంబర్ మారుతది. నేనైతే మస్తు పరేషాన్ అయిన, నువ్వు గట్ల కావద్దు." నేను డైరీ తీసి, అప్పుడే తెలిసినట్టు తలూపుతూ రాసుకున్నాను.

అప్పట్లో అతని ల్యాప్‌టాప్ చూసి ఏడ్చాను. ఇప్పుడు అతని మనసు చూసి ఏడుస్తున్నాను. ఇదీ అసూయే, కాకపోతే దీనికి ఏ షాపులోనూ కేబుల్ దొరకదు. మీకూ అటువైపు ఇలాంటి పని పడితే, డ్రైవర్ ఎక్కించినప్పుడు ఏ పోర్టు వాడారో దాంట్లోనే కేబుల్ పెట్టండి. తిరిగొచ్చే ముందు ఆ సంగతి రాక్ తలుపు మీద రాయండి.