కొండమీది ఫోనుకు పంపిన ప్రశ్న

నాగవేణి పరీక్ష రాయలేదన్న కబురు నాకు మొదట చెప్పింది మా ఆఫీసు ఊడ్చే సుగుణక్క. "ఆ గొర్రెలోళ్ల పాప గేటు కాడ ఏడుస్తాందమ్మా. హాల్ టికెట్ లేదని లోపలికి రానీలేదంట" అంది. నేను "అయ్యో" అన్నాను, ఏమీ తెలియనట్టు. ఆ ఒక్క మాట ఏడేళ్లుగా నా గుండెల మీద బండలా ఉంది.

నేను బడికి పోలేదు. జమ్మలమడుగులో మా నాయన ఇంట్లోనే బైబిలు చదివించి అక్షరాలు నేర్పాడు. పరీక్షలు ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. అందుకే ప్రొద్దుటూరులో యూనివర్సిటీ కంప్యూటర్ సహాయ కేంద్రంలో పని దొరికినప్పుడు దేవునికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పానో! విద్యార్థులు చెప్పే ఇబ్బందిని సాఫ్ట్‌వేర్‌లో ఫిర్యాదుగా ఎక్కించడం నా పని. రెండు రోజుల్లో తీరకపోతే అది తెర మీద ఎర్రబడుతుంది. ఎరుపు కనబడితే మా అధికారి అంతెత్తున లేచేవాడు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు నాగవేణి పులివెందుల అవతలి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. పాస్‌వర్డ్ మరిచిపోయింది. అది లేనిదే హాల్ టికెట్ రాదు. కొత్తది కావాలంటే ఆమె పేరున నమోదైన ఫోనుకు ఓటీపీ వస్తుంది.

"ఆ ఫోను నాయన కాడుందక్కా. గొర్రెలు తోలుకోని కొండకు పోయినాడు. ఆడ సిగ్నలు రాదు."

"మరి ఆ నంబరు యాల ఇచ్చినావు పాపా?"

"ఇంట్లో ఉండేది అదొకటే. గొర్రెలకేమన్నా ఫోన్లు ఉంటాయా?" నవ్వింది. నేనూ నవ్వాను. "మళ్లా రావాల్నా అక్కా?"

"పన్లేదులే. హాల్ టికెట్ పరీక్ష నాడు గేటు కాడే ఇస్తారు" అన్నాను, ఇయ్యరని తెలిసీ.

నమోదైన ఆ ఫోను నంబరు మార్చడానికి అధికారి సంతకం కావాలి. పైవాళ్లు తనిఖీకి వస్తున్నారని ఆయన ఆ వారమంతా చిటపటలాడుతున్నాడు. నాకు భయమేసింది. భయమేనా? మెప్పు కావాలన్న ఆశ కాదూ?

మాకందరికీ తెలిసిన అడ్డదారి ఒకటుంది. "మీ సమస్య ఇంకా ఉందా?" అని విద్యార్థికి ఒక ప్రశ్న పంపితే ఫిర్యాదుకున్న రెండు రోజుల గడియారం ఆగిపోతుంది. మూడు రోజులు జవాబు రాకపోతే "పరిష్కారమైంది" అని దానంతటదే పచ్చగా మూసుకుంటుంది. ఆ ప్రశ్న ఏ ఫోనుకు పోతుంది? కొండమీది ఫోనుకే. అక్కడ సిగ్నలు రాదని ఆ పిల్ల చెప్పి గంట కూడా కాలేదు. తెలిసే పంపాను.

తర్వాత విచారణ అన్నారు. విచారణట! అందరి ముందు నాగవేణిని నిలబెట్టి, మెసేజ్‌కు జవాబెందుకు ఇయ్యలేదని గద్దించాడు అధికారి. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను తెర వైపు చూసి "జవాబు రాలేదు సార్" అన్నాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అందుకే నాకు ఇంత మంట. మనిషి ఎదురుగా వచ్చి నోరు తెరిచి చెప్పిన మాట లెక్కకు రాదట, చేరని మెసేజ్ మాత్రం సాక్ష్యమట! సిస్టమ్ మూసిందన్నారు. సిస్టమ్‌కు వేళ్లున్నాయా? ఆ వేళ్లు నావి.

ఒక్క ఎరుపూ లేదని ఆ నెల నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఆదివారం మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పాను, దేవుడు నన్ను హెచ్చించాడని. ఒక ఆడపిల్ల ఏడుపును తీసుకుపోయి దేవునికి కృతజ్ఞతగా అర్పించానే! సంఘమంతా ఆమెన్ అంది. ఆ సిగ్గు ఇంకా చల్లారలేదు.

నాగవేణి మళ్లీ చదువుకు రాలేదు. పులివెందులలో బట్టల దుకాణంలో చేస్తోందని విన్నాను. పోయి క్షమించమని అడగలేదు. అడిగితే "ఏం కాదులే అక్కా" అంటుందేమో. అంత చవగ్గా బయటపడే హక్కు నాకెక్కడిది? ఇలా రాస్తే తప్పు తీరదని తెలుసు. అయినా ఇన్నేళ్లకు ఊపిరి పూర్తిగా ఆడుతోంది.

నా పేరు మీకు అక్కర్లేదు. నాగవేణిని మాత్రం జ్ఞాపకం పెట్టుకోండి. ఆ పిల్ల వచ్చింది, అడిగింది, అంతా సరిగ్గా చెప్పింది. నేను విన్నాను.