సున్నా పక్కన ఒకటి

2023, పత్తి ఏరే రోజులు. జనగామ బస్టాండు దగ్గర ఒక మొబైల్ షాపు పైగదిలో కూర్చుని వెబ్ పేజీలు తయారుచేస్తూ ఉండేదాన్ని. పెళ్లి మండపాలకు, విత్తనాల షాపులకు, బడులకు చాలానే చేశాను. నేను గొప్పలు చెప్పుకున్నది మాత్రం ఒక్కదాని గురించే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిల్లోని మూడు చిన్న రక్తనిధి కేంద్రాలు కలిసి చేయించుకున్న పేజీ అది. ఏ గ్రూపు రక్తం ఎక్కడ ఎన్ని బ్యాగులుందో అందరికీ కనిపించాలి, వాళ్లడిగింది అంతే.

దానికి బైండింగ్ వాడాను. పేజీలో కనిపించే అంకెను, ఎక్కడో దూరాన క్లౌడ్‌లో ఉండే డేటాబేస్‌లోని అంకెకు ముడివేయడాన్ని మేం బైండింగ్ అంటాం. మహబూబాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్ రెండును ఒకటి చేస్తే, ఆ క్షణమే జనగామలో నర్సు ఫోన్‌లోనూ ఒకటి అవుతుంది. అంకెనే కాదు, పేజీలో దేన్నైనా అలా ముడివేయొచ్చు. అందుకని నేను కాస్త అతితెలివికి పోయాను. ప్రతి కేంద్రం ఫోన్ నంబరును కూడా ఆ అంకెకే ముడివేశాను. వెతికిన గ్రూపు బ్యాగులుంటే నంబరు కనిపిస్తుంది, సున్నా అయితే మాయమవుతుంది. లేని రక్తం కోసం జనం ఊరికే ఫోన్లు చేసి వాళ్లను సతాయించొద్దని! ఆ పనికి ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఒకరోజు పదకొండున్నరకు ఇక్కడి ఒక కాన్పుల దవాఖాన నుంచి సరోజన సిస్టర్ ఫోన్ చేసింది.

"చెల్లె, నీ పేజీ మంచిగనే ఉన్నదా? పొద్దుగాల మహబూబాబాద్‌ల ఓ నెగెటివ్ ఒకటి చూపెట్టింది. ఇప్పుడు సున్నా అంటున్నది."

"ఎవరన్న తీస్కపోయి ఉంటరక్కా."

"గట్లనకు. రజిత అని కాన్పు పిల్ల ఉన్నదిక్కడ. నొప్పులు మొదలైనయ్, బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చెయ్యాలె. ఒంట్లె రక్తమే లేదు పిల్లకు, ఆమెది ఓ నెగెటివ్. చేతిల బ్యాగ్ లేకుంట కత్తి పట్టనంటున్నది డాక్టరమ్మ. వరంగల్‌ల అడిగినం, లేదన్నరు. హైదరాబాద్ నుంచి ఎప్పుడొస్తదో తెల్వది. సాయంత్రం దాక ఆగేటట్టు లేదు."

ఆమె వెనక నుంచి ఒక మగ గొంతు "ఏమంటున్నదక్కా? ఉన్నదటనా?" అని అడుగుతూనే ఉంది. రజిత భర్త.

డేటాబేస్ తెరిచాను. అంకె ఎప్పుడు మారినా ఆ సమయం అందులో నమోదవుతుంది. పది ఇరవైకి ఒకటి సున్నా అయింది. బ్యాగు ఎవరికిచ్చారో రాసే జాబితాలో మాత్రం ఏమీ లేదు. ఎవరికీ ఇవ్వని బ్యాగు ఎటు పోయినట్టు? తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని ఒక్కో వరుసా వెతికాను. అక్కడ పిల్ల నొప్పులు పడుతుంటే ఇక్కడ నేను ఇరవై నిమిషాలు కోడ్ చదువుకుంటూ కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి బుద్ధొచ్చి మహబూబాబాద్ టెక్నీషియన్ యాకూబ్‌కు ఫోన్ చేద్దామనుకున్నాను. పేజీలో నంబరు లేదు, మాయం చేసింది నేనే కదా! పాత వాట్సాప్ మెసేజ్‌లు తిరగేసి పట్టుకున్నాను.

"యాకూబ్, ఓ నెగెటివ్ బ్యాగ్ ఏమైంది?"

"ఫ్రిజ్‌లనే ఉన్నదక్కా."

"ఉంటే సున్నా ఎందుకు పెట్టినవ్?"

"ఆపి పెట్టిన. రేగొండ నుంచి ఒక అవ్వ ఫోన్ చేసింది. కొడుకుకు ఎల్లుండి భూపాలపల్లిల ఆపరేషనట. 'జర ఆపు బిడ్డా, ఎవ్వలకియ్యకు' అన్నది. మాటిచ్చిన. సున్నా పెడితే ఎవ్వలు అడగరు గదా అని..."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ మాట పాడుగాను! ఇక్కడ పిల్ల పానం మీదికొచ్చింది!" అని అరిచాను.

"అరువకక్కా. మేం ఎప్పటిసంది గిట్లనే చేస్తం. రిజిస్టర్ ఉన్నప్పుడు పెన్సిల్‌తోటి పేరు రాసి ఆపి పెట్టేటోళ్లం. నీ పేజీల పెన్సిల్‌తోటి రాసే జాగ ఏడున్నది?"

ముందు ఆ బ్యాగు జనగామకు పంపమని అడిగాను.

అవ్వను అడగకుండా ఇవ్వనన్నాడు. ఆమెను కూడా అదే కాల్‌లో కలిపాడు. నేను సంగతంతా చెప్పాను.

"నా కొడుకుది ఎల్లుండి. ఆ పిల్లది ఇయ్యాల్నే," అంది అవ్వ. "పంపు బిడ్డా. మరి ఎల్లుండికి నాకెట్ల?"

"నేను చూస్త అవ్వా. మాటిస్తున్న," అన్నాడు యాకూబ్. చేతిలో ఏమీ లేకుండానే ఇంకో మాట!

ఐస్ డబ్బాలో బ్యాగు పెట్టుకుని యాకూబ్ బండి మీద తొర్రూరు దాకా వచ్చాడు. రజిత భర్త ఇక్కడి నుంచి కారులో ఎదురెళ్లి తీసుకున్నాడు. రెండున్నరకు బ్యాగు దవాఖాన చేరింది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని, తిండి ముట్టకుండా గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను. నాలుగు గంటలకు సరోజన సిస్టర్ ఫోన్.

"ఆడపిల్ల. తల్లి మంచిగనే ఉన్నది. జర తిను పో."

ఏడుపు ఆగలేదు నాకు.

కళ్లు తుడుచుకుని పేజీ ముందు కూర్చున్నాను. ఫోన్ నంబర్ల ముడి విప్పేశాను, ఇక ఎప్పుడూ కనిపిస్తాయి. 'ఉన్నవి' పక్కన 'ఆపినవి' అని ఇంకో గడి పెట్టాను. ఉన్నవాటి కన్నా ఆపినవి ఎక్కువ రాయడానికి వీల్లేదని ఒక నిబంధన కూడా చేర్చాను. గంట తిరగకముందే యాకూబ్ ఫోన్ చేశాడు.

"అక్కా, నీ పేజీ తీసుకుంటలేదు."

"ఏం రాసినవ్?"

"ఉన్నవి సున్నా. ఆపినవి ఒకటి."

"లేనిదాన్ని ఎట్ల ఆపుతవ్ యాకూబ్?"

"అవ్వకు మాటిచ్చిన గదక్కా."

వాదించే ముఖం ఉందా నాకు? ఆ నిబంధన తీసేశాను. మరుక్షణం మూడు ఊళ్లలోనూ, పేజీ తెరిచిన ప్రతి ఫోన్‌లోనూ, సున్నా పక్కన ఒకటి కనిపించింది.

మర్నాడు పొద్దున్నే పాలకుర్తి నుంచి ఒక లెక్కల మాస్టారు యాకూబ్‌కు ఫోన్ చేసి దబాయించాడట. "ఉన్నయి సున్నా అయితే ఒకటి ఎట్ల ఆపిన్రయ్యా? ఏం లెక్క ఇది?" అని. యాకూబ్ అవ్వ సంగతి చెప్పాడు. అది విని మాస్టారు, "నాది ఓ నెగెటివే. బస్సెక్కుతున్న," అన్నాడట.

అవ్వ కొడుకు ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది.

ఇప్పుడు ఎవరు పేజీ చేయమన్నా కంప్యూటర్ ముట్టే ముందు వాళ్ల పాత రిజిస్టర్ అడిగి తీసుకుంటాను. పెన్సిల్‌తో ఏమేం రాసుకున్నారో చూస్తాను.