కత్తిమనిషి కోటు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పొడుగు మాస్టారంటారు. మరీ అంత పొడుగేం కాదు. పక్కన పందొమ్మిదేళ్లపాటు పొట్టి మాస్టారు నిలబడటంతో ఆయనకా పేరు స్థిరపడిపోయింది. ఇద్దరిదీ ఒకటే టైలరింగ్ కొట్టు, ఒకటే కటింగ్ బల్ల. కోటుకి ఒళ్లూ చేతులూ పొడుగు మాస్టారు చూసేవారు. కాలరూ భుజాలూ పొట్టి మాస్టారివి. కాజాలూ, గుండీలూ, అంచుల చేతికుట్టూ పొడుగు మాస్టారి భార్య పని. ఆవిడ సూది పడితే కుట్టు ఎక్కడ పడిందో వెతుక్కోవలసిందే.

ఐదేళ్ల క్రితం ఒక సోమవారం పొట్టి మాస్టారు కొట్టుకి రాలేదు. ఎదురుగా ఇస్త్రీ చేసే అతను తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టి, ఆయన వేరే ఊళ్లో యూనిఫారాల ఫ్యాక్టరీలో చేరారనీ, పొద్దున్నే బస్సెక్కారనీ చెప్పాడు. అంతే. ఒక మాట లేదు, చీటీ ముక్క లేదు. పొడుగు మాస్టారు తాళంచెవి జేబులో వేసుకుని ఆ రోజు పని ఆ రోజు చేశారు. తర్వాత ఎప్పుడూ ఆ పేరు ఎత్తలేదు. కోట్లు కుట్టించుకునేవాళ్లు కూడా క్రమంగా తగ్గిపోయారు. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, ఒళ్లు చేసినవాళ్లకి నడుం వదలడం మిగిలాయి. ఆయన దానికీ అలవాటుపడ్డారు. పని ఏదైనా కత్తెర చప్పుడు వింటూ ఉంటే ఆయనకి బాగానే ఉంటుంది.

ఆ కొట్టుకి ఒక మధ్యాహ్నం పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చింది. ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. కార్టూన్ మనిషి, నడుముకి కత్తి, మోకాళ్లు దాటిన నల్లకోటు, చెవులదాకా నిలబడ్డ కాలరు. అది యానిమే అనే జపాను బొమ్మల కథ అనీ, అతను అందులో కత్తిమనిషనీ, రెండు నెలల్లో అభిమానులందరూ ఆ వేషాలు వేసుకుని ఒక హాల్లో కలుస్తున్నారనీ, తనకి అచ్చం ఆ కోటే కావాలనీ చెప్పింది. మాస్టారు కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. ముందువైపు తెలుస్తోంది గానీ వీపు సంగతేమిటని అడిగారు. వీపు కనపడాలంటే కథ చూడాలంది ఆ అమ్మాయి. నలభై ఎనిమిది ఎపిసోడ్లట.

"మన భాషలోనే ఉంది మాస్టారూ. పిన్నిగారు కూడా చూస్తారు," అని తన పాత ట్యాబ్ ఒకటి తెచ్చి దారపు డబ్బాకి ఆనించి వెళ్లింది.

కోటు కోసం చూద్దామని మొదలుపెట్టారు. భోజనాలయ్యాక షట్టరు సగం దించి రోజుకి రెండు ఎపిసోడ్లు. కథ ఒక పటాలు గీసే పిల్లది. వాళ్లన్న పొగమంచు కమ్మిన దీవిలో తప్పిపోతాడు. ఏ పటంలోనూ లేని ఆ దీవిని వెతుక్కుంటూ ఆ పిల్ల ఓడెక్కుతుంది. ఆమెని పట్టుకోవడానికి వచ్చిన కత్తిమనిషి, పట్టుకోలేక, చివరికి అదే ఓడలో కాపలాదారుగా ఉండిపోతాడు. మొదటి రెండు రోజులూ మాస్టారు కాగితం మీద కోటు మడతలు గీసుకున్నారు. మూడోరోజు కాగితం సంగతి మర్చిపోయారు. ఐదోరోజు, జిప్పు కోసం వచ్చిన ఒకాయన షట్టరు కింద తల దూర్చి పిలిస్తే, కాసేపాగి రమ్మన్నారు.

ఒక సంగతి మాత్రం ఆయన్ని వదల్లేదు. ఒక్కో ఎపిసోడ్లో కోటు ఒక్కోలా ఉంది. నడిచేటప్పుడు వీపున ఒక చీలిక, పరుగెత్తేటప్పుడు రెండు. బొమ్మ వేసినవాడు జన్మలో గుడ్డ పట్టుకుని ఉండడని ఆయన విసుక్కున్నారు.

భార్య బాధ వేరు. ఇరవై రెండో ఎపిసోడ్లో పటాల పిల్లకి జ్వరం వచ్చింది. అప్పట్నుంచి వరసగా పదకొండు ఎపిసోడ్లు ఆ పిల్ల ఓడ గదిలో పడుకునే ఉంది. యుద్ధాలూ, ఎత్తులూ, పడవలు తగలబెట్టడాలూ అన్నీ కత్తిమనిషే చూసుకున్నాడు.

"కథ ఎవరిది? ఆ పిల్లది. దాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టి, కాపలాకొచ్చినవాడి చేతిలో కథ పెడతారా?" అని ఆవిడ గుండీ కుడుతూ కుడుతూ సూది ఆపేసింది.

"వాడికి మాత్రం ఏం తక్కువ? వాడూ ముఖ్యుడే," అన్నారు మాస్టారు.

"ముఖ్యుడే. కాదన్నానా? పిల్లని లేపి ఇద్దర్నీ చూపించమంటున్నా."

రెండు రోజులు ఇంట్లో అదే గొడవ. ముప్పై నాలుగో ఎపిసోడ్లో ఆ పిల్ల లేచి, జ్వరంలో కలలో చూసిన నీటిపాయల్ని గోడమీద గీసి, ఓడని దారిలో పెట్టాక గానీ ఆవిడ కుదుటపడలేదు.

చివరి ఎపిసోడ్ ఒక గురువారం చూశారు. దీవి దొరికింది. అన్న బతికే ఉన్నాడు. అక్కడ భార్యా బిడ్డా ఉన్నారు, చిన్న రేవులో దీపాలు వెలిగించే పని ఉంది. అతనికి తిరిగి రావాలని లేదు. పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. ఓడకి తిరిగొచ్చి, తొమ్మిదేళ్లుగా గీస్తున్న పటం పూర్తిచేసి, ఆ దీవి ఉండాల్సిన చోట నీలిరంగు వేసేసింది. ఎవరూ వెళ్లి వాళ్లని కదిలించకుండా. మాస్టారి భార్య చీరకొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఇంతకంటే బాగా ముగించలేరంది.

కానీ ఆ తర్వాత ఇంకో ముక్క ఉంది. ఓడ ఒక రేవులో ఆగింది. కత్తిమనిషి మూట భుజానేసుకుని దిగి నడిచాడు. వీపు, కోటు, గాలి. సందు మలుపులో ఒక్క క్షణం ఆగాడు, తిరిగి చూడలేదు, మలుపు తిరిగాడు. పాట వచ్చేసింది.

మాస్టారు ట్యాబ్ బోర్లించేశారు. నలభై ఎనిమిది ఎపిసోడ్లు పక్కన నిలబడ్డవాడు, ఒక్క మాట చెప్పకుండా వెళ్లడమేమిటన్నారు. అది ముగింపు కాదనీ, చేతకాక మధ్యలో తెంపేసిన దారమనీ అన్నారు. ఆయన గొంతు అంత పైకి లేవడం భార్య చాలాకాలానికి విన్నది. కత్తిమనిషి గురించే ఇంత కోపమా అన్నట్టు ఆయన వైపు చూసి, టీ పెట్టడానికి లేచింది.

మర్నాటి నుంచి కోటు పని మొదలైంది. ఒళ్లు కుదిరింది, చేతులు కుదిరాయి, వీపున లోపలికి మడిచిన కుచ్చు పెడితే నడకకి ఒకటిగా, పరుగుకి రెండుగా విడివడేలా వచ్చింది. కాలరు మాత్రం నిలబడలేదు. మూడుసార్లు కత్తిరించారు. మూడుసార్లూ పొద్దున నిలబడి మధ్యాహ్నానికి వాడిన ఆకులా వాలిపోయింది. నాలుగో గుడ్డ బల్లమీద పరిచి, చాక్‌పీసు పట్టుకుని, చాలాసేపు గీయకుండా ఉండిపోయారు.

"వాడి నంబరు ఎక్కడైనా దొరుకుతుందా?" అన్నారు చివరికి. ఎవరిదని ఆవిడ అడగలేదు.

"నా ఫోన్లో ఉంది. నేనూ వాళ్లావిడా నెలకోసారి మాట్లాడుకుంటూనే ఉన్నాం."

"ఐదేళ్లుగానా? నాకు చెప్పలేదే."

"మీరు అడగలేదుగా," అని ఆవిడ నంబరు కలిపి ఫోను చేతిలో పెట్టింది.

పొట్టి మాస్టారు హలో అన్నారు. ఈయన కుశలం అడగడం మర్చిపోయి, ఒక కాలరు నిలబడటం లేదన్నారు. అవతల్నుంచి, గుడ్డేమిటని ప్రశ్న. ఎత్తెంత, లోపల కాన్వాసు ఏ వాటంలో వేశావు, ఇస్త్రీ ఎప్పుడు చేశావు. నిన్న సాయంత్రం బల్ల దగ్గర విడిపోయి ఈ పొద్దున మళ్లీ కలిసినట్టు మాటలు సాగాయి. లోపలి కాలరు ఒకే ముక్కగా తీయొద్దన్నారు పొట్టి మాస్టారు. రెండు ముక్కలుగా, క్రాసులో, అంటే నేతకి ఏటవాలుగా తీసి, మెడ వెనక మధ్యన కలపాలి. లోపల బిగువుకి వేసే కాన్వాసు కూడా క్రాసులోనే. చిన్నచిన్న చేతికుట్లు వేస్తూ, వేలిమీద వంచి పట్టుకుని కుట్టాలి, అప్పుడే ఆ వంపు దానికి జ్ఞాపకం ఉంటుంది. పొడుగు మాస్టారు అన్నీ గోడమీదున్న క్యాలెండరు వెనక రాసుకున్నారు. రాయడం అయిపోయింది. ఫోను పెట్టేయాలి. పెట్టలేకపోయారు.

"ఆ రోజు ఒక్క మాట చెప్పి వెళ్లాల్సింది," అన్నారు.

"చెప్తే వెళ్లగలిగేవాణ్ణి కాదు. నీ మొహం చూస్తే మూట దింపి మళ్లీ బల్ల దగ్గర నిలబడేవాణ్ణి. అప్పటికే ఇద్దరికీ సరిపడా పని లేదు, నీకూ తెలుసు," అని పొట్టి మాస్టారు ఆగారు. "కొట్టు దాకా వచ్చాను. షట్టరు ముందు నిలబడి వెనక్కి తిరిగా."

పొడుగు మాస్టారు క్యాలెండరుని మళ్లీ గోడకి తగిలించారు. కాలరు అయ్యాక ఫొటో పంపిస్తానన్నారు. పంపించమన్నారు అవతల. ఆ సాయంత్రం భార్య గమనించింది, ఆయన ట్యాబ్ తీసి ఆ చివరి ముక్క, సందు మలుపులో కత్తిమనిషి ఆగే చోటు, మూడుసార్లు చూశారు.

"ఇప్పుడు బాగుందా?" అని అడిగింది.

"బాగుంది. అయినా ఒక్క మాట ఉండాల్సింది," అన్నారు. ఆ పట్టు మాత్రం ఆయన వదల్లేదు.

కాలరు నిలబడింది. ఫొటో వెళ్లింది. కుట్టు ఒకచోట కాస్త బిగిసిందని జవాబొచ్చింది. మాస్టారు దాన్ని విప్పి, అటుపక్క ఎవరో చూస్తున్నట్టే మళ్లీ కుట్టారు.

హాలుకి ఆ అమ్మాయి ఇద్దర్నీ పట్టుబట్టి తీసుకెళ్లింది. అక్కడ పదకొండుమంది కత్తిమనుషులున్నారు. పది కాలర్లు గుండెలమీద పడి ఉన్నాయి. అందరూ చుట్టూ మూగి, ఎవరు కుట్టారని అడిగితే ఆ అమ్మాయి ఆయన భుజం పట్టి ముందుకు తోసింది. కుర్రకారంతా ముగింపు గురించి కొట్లాడుకుంటున్నారు. ఇంకో రెండు ఎపిసోడ్లుంటే బాగుండేదని కొందరు, అంతే బాగుందని కొందరు. మాస్టారి అభిప్రాయం అడిగారు. కత్తిమనిషి ఎందుకు చెప్పకుండా వెళ్లాడో తనకి తెలుసుననీ, అయినా ఆ పిల్లకి తెలుసుకునే హక్కుందనీ ఆయన నింపాదిగా చెప్పారు. ఎవరూ నవ్వలేదు. ఒకతను రాసుకున్నాడు కూడా. పక్కన ఆయన భార్య, పటాల పిల్ల వేషంలో ఉన్న డిగ్రీ విద్యార్థినిని కూర్చోబెట్టుకుని జ్వరం సంగతి మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఆ పిల్ల తల ఊపుతూ ఊపుతూ, కథలో పటాల పిల్ల తొడుక్కునే ఎనిమిది జేబుల, చేతుల్లేని కోటు తనకి కుట్టగలరా అని అడిగింది. ఆవిడ సంచీలోంచి టేపు తీసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉక్కగా ఉంది. పళ్ల డాక్టరు దగ్గరి అమ్మాయి కోటు విప్పలేదు. నలుగుతుందని సీటుకి వీపు ఆనించకుండా, దిగేదాకా నిటారుగా కూర్చుంది. మాస్టారు వెనక సీట్లోంచి ఆ వీపు చూస్తూ, కిటికీ గాలి మొహాన కొడుతుంటే, ఎప్పుడు నిద్రలోకి జారుకున్నారో ఆయనకే తెలియదు.