ప్రేమ్‌సింగ్ కొన్న పెద్ద కార్డు

కారు కెమెరా మీద ప్రేమ్‌సింగ్‌కు నమ్మకం పోయింది ఒక మేకపిల్ల వల్ల.

ఆ కెమెరా ముందు అద్దానికి అంటుకుని ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ రోడ్డును వీడియో తీస్తుంది. దేవరుప్పుల లక్ష్మీకాంత్ కారుకు దాన్ని ఆయన కొడుకు హర్షిత్ ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టాడు. లక్ష్మీకాంత్ రోడ్ల కాంట్రాక్టరు, నలభై ఎకరాల ఆసామి, రాజకీయాల్లో కూడా ఒక కాలు ఉంది. ప్రేమ్‌సింగ్ ఆయన దగ్గర పదకొండేళ్లుగా డ్రైవరు. కొత్తగూడ అడవుల్లోని తండా నుంచి వచ్చినవాడు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ మెచ్చుకుంటారు. నోట్లో నాలుక లేకపోవడం మెచ్చుకోవలసిన గుణం ఎప్పటి నుంచి అయిందో నాకైతే తెలియదు.

పోయిన ఎండాకాలం కొడకండ్లలో ఒకావిడ కారుకు అడ్డం నిలబడి, "నిన్న పొద్దుగాల నా మేకపిల్లను తొక్కిచ్చి పోయిండు గీ డ్రైవరు" అని లొల్లి పెట్టింది. ముందు రోజు ప్రేమ్‌సింగ్ ఆ వీధి మొఖమే చూడలేదు. కెమెరాలో చూపిద్దామంటే నిన్నటి వీడియో లేదు. అందులో ఉన్నది చిన్న కార్డు, అయిదు గంటలకే నిండిపోతుంది. నిండగానే పాతది తుడిచేసి దాని మీదే కొత్తది రాసుకుంటుంది. లక్ష్మీకాంత్ ఆవిడ చేతిలో డబ్బులు పెట్టి, "ఏందిర ప్రేమ్‌సింగ్, కండ్లు నెత్తికెక్కినయా?" అన్నాడు. ఆ నెల జీతంలో అవి కోసుకున్నాడు కూడా.

బాధ డబ్బులు పోయినందుకు కాదు. "నేను పోలే సార్" అని మూడుసార్లు చెప్పాడు. పదకొండేళ్లుగా తన ప్రాణం ఇతని చేతిలో పెట్టి వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషి, ఆ ఒక్క మాట నమ్మలేకపోయాడు. ఇంటికి వచ్చి భార్య చాందీకి చెబితే ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. "నీ మాట నమ్మరు. ఆ డబ్బ చెప్తెనన్న నమ్ముతరు గద! దాంట్ల పెద్ద కార్డు ఏసుకో. నా పట్టీలు తర్వాత కొనొచ్చు" అంది.

జనగామ బస్టాండు ఎదురు సందులో సింధు సెల్‌షాపు ఉంది. డిగ్రీ చదివి, ఉద్యోగానికి తిరిగి తిరిగి, చివరికి మేనమామ షాపు తీసుకున్న పిల్ల. ప్రేమ్‌సింగ్ నేరుగా అక్కడికే పోయాడు.

"అన్నిటికన్న పెద్ద కార్డు ఇయ్యి బిడ్డా. కారు కెమెరాకు."

"పెద్దదనంగనే అయితదా అన్నా? నీ కెమెరా దాన్ని తీసుకోవాలె గద. మోడల్ నంబర్ ఏంది?"

అదెక్కడుంటుందో అతనికి తెలియదు. కారు దగ్గరికి పోయి, కెమెరా వెనక స్టిక్కరును ఫొటో తీసుకొచ్చాడు. సింధు తన ఫోన్లో వెతికింది. "రెండొందల యాభై ఆరు జీబీ దాక తీసుకుంటది. అంతకంటె పెద్దదేస్తె గుర్తువట్టదు" అని చెప్పింది.

"బస్టాండ్ల ఒకడు వెయ్యి జీబీది మూడొందలకే ఇస్తనన్నడు."

"వాని మొఖం! పైన రాసుంటది, లోపల ఉండదు. ఎక్కినట్టే ఎక్కుతది, తీరా చూద్దామంటె ఏముండదు."

"మరి గా అద్దాల పెట్టెల ఉన్నది?"

"అది ఫోన్లకు అన్నా. కెమెరాల అయితె రోజంత రాసుడు, తుడుసుడు, మీదికెళ్లి అద్దం కాడ ఎండ. ఆర్నెల్లల్ల సచ్చూరుకుంటది. గిది చూడు, కెమెరాల కోసమే చేసింది. హై ఎండ్యూరెన్స్ అని రాసుంది. జర పిరమే, పైసలెక్కువైతయి, కని ఆగుతది."

ప్రేమ్‌సింగ్ ఊరికే నమ్మలేదు. రాసినంత నిజంగా లోపల ఉందో లేదో కంప్యూటర్లో పెట్టి చూపించమన్నాడు. చూడడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ స్టూలు మీద కూర్చున్నాడు. సొంత పెళ్లికి పిల్లను చూడబోయినప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు అడిగి ఉండడు. అంతా సరిగ్గానే ఉందన్నాక, సింధు తానే కారు దగ్గరికి వచ్చి కార్డు వేసి, కెమెరాలోనే ఫార్మాట్ కొట్టింది.

"ఇగ నలభై గంటలకు పైన పడతది. ఏమన్న అయితె మాత్రం ముందుగాల కార్డు తీసి జేబుల ఏసుకో" అని, "అన్నా, మాటలు గూడ రికార్డయితున్నయి. మైకు బంద్ జెయ్యాల్నా?" అని అడిగింది.

"ఉండనీ బిడ్డా. నేను హారన్ కొట్టింది గూడ పడాలె. రేపు కొట్టలేదంటరు."

ఆ పిల్ల ఇంకోసారి అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఎందుకడుగుతుంది? ఆ కారు వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో, ఏం మాట్లాడతారో ఆమెకేం తెలుసు?

పద్దెనిమిది రోజులు గడిచాయి. సగటున రోజుకు రెండు గంటల తిరుగుడు. కార్డులో నుంచి ఒక్క నిమిషం కూడా చెరిగిపోలేదు. వెనక సీట్లో లక్ష్మీకాంత్ ఎప్పటిలాగే మాట్లాడాడు. ఎవరెవరో ఎక్కారు, దిగారు. కొత్తగూడ మండలంలో ఒక తండాకు వెయ్యని రోడ్డుకు బిల్లు ఎలా లేపాలి, ఎవరి వాటా ఎంత, ఎవరి చేతికి ఎక్కడ అందాలి, అదీ మాట. ఆ తండా ప్రేమ్‌సింగ్‌దే. వానాకాలం అతని తల్లి మోకాటిలోతు బురదలో నడిచే దారి అది. అతను విన్నాడు. విని గేరు మార్చాడు. ఉప్పు తిన్న ఇల్లనుకున్నాడు, కూతురు చదువనుకున్నాడు, నాకెందుకులే అనుకున్నాడు. ఈ విషయంలో ప్రేమ్‌సింగ్‌ను వెనకేసుకురావాలని నాకు లేదు.

పంతొమ్మిదో రోజు లక్ష్మీకాంత్ భూపాలపల్లిలో ఉన్నాడు. ముందు రోజే కొడుకు కారులో పోయాడు. తన కారు తెమ్మని ఫోన్ చేస్తే ప్రేమ్‌సింగ్ పొద్దున్నే ఒక్కడే బయల్దేరాడు. రేగొండ దాటాక, పెట్రోలు బంకులో నుంచి ఒక మోటార్ సైకిల్ బయటికి వచ్చి, రాంగ్ సైడులో అతనికి ఎదురుగా దూసుకొచ్చింది. నడిపే కుర్రవాడు మెడ వంచి, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉన్నాడు. ప్రేమ్‌సింగ్ మూడుసార్లు హారన్ కొట్టాడు. బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ కుర్రవాడు తలెత్తేసరికి అయిపోయింది.

జనం చేరారు, ఫోన్లు తీశారు. తోడు ఎక్కండయ్యా అంటే ఒక్కడూ ఎక్కలేదు. ప్రేమ్‌సింగే అతన్ని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి భూపాలపల్లి దవాఖానకు ఉరికించాడు. దారిలో ఆ కుర్రవాడు "యాడీ" అన్నాడు, రెండుసార్లు. లంబాడీలో అమ్మను అలా పిలుస్తారు. తనవాళ్ల పిల్లాడని ప్రేమ్‌సింగ్‌కు అప్పుడు తెలిసింది. దవాఖాన గేటు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి లేదు. పేరు వీరేందర్. ఇరవై నాలుగేళ్లు.

అప్పుడు కూడా సింధు చెప్పింది మరిచిపోలేదు. కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. పోలీసాయన వచ్చి, "కెమెరా ఉన్నది గద, కార్డేది?" అని అడిగాడు. కార్డు అతని చొక్కా జేబులోనే ఉంది. చెయ్యి పెట్టి తీసిస్తే సరిపోయేది.

"మా సార్ వస్తున్నడు సార్. సారే ఇస్తడు" అన్నాడు ప్రేమ్‌సింగ్.

ఆ రోజు అతను చేసిన తప్పు ఇదొక్కటే. తన చేతి మీదుగా పోతే అది లంబాడి డ్రైవరు చెప్పుకునే మాట, సారు చేతి మీదుగా పోతే సాక్ష్యం అనుకున్నాడు. పదకొండేళ్లలో అతనికి ఒంటబట్టిన తెలివి అది.

లక్ష్మీకాంత్ దిగిన లాడ్జి గదిలో, ప్రేమ్‌సింగ్ ఇచ్చిన కార్డును హర్షిత్ లాప్‌టాప్‌లో పెట్టాడు. అన్నీ కనిపించాయి. రాంగ్ సైడ్ బండి, భుజం మీద ఫోను, మూడు హారన్లు. లక్ష్మీకాంత్ ప్రేమ్‌సింగ్ భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పు ఇంత గూడ లేదుర" అన్నాడు. ఆ మాటకు ప్రేమ్‌సింగ్ భోరున ఏడ్చాడు. మేకపిల్ల నాటి నుంచి గొంతులో పడి ఉన్నదంతా వెళ్లగక్కినట్టు ఏడ్చాడు.

హర్షిత్ ఇంకా కిందికీ పైకీ చూస్తున్నాడు. "డాడీ, దీంట్ల పద్దెనిమిది రోజులయి ఉన్నయి" అని ఏదో ఒకటి నొక్కాడు. లక్ష్మీకాంత్ గొంతే గదిలో వినిపించింది. "ఆ తండాకు రోడ్డు ఏసినమా లేదా అని ఎవడు చూడొస్తడయ్యా..." అని నవ్వు. హర్షిత్ టక్కున మూత వేశాడు. లక్ష్మీకాంత్ మొఖం మాడిపోయింది.

ప్రేమ్‌సింగ్‌కు విషయం అర్థమైంది. "సార్, గా ఒక్క ముక్కే ఇయ్యిండ్రి. మిగతది నాకెందుకు సార్" అని చేతులు జోడించాడు.

"ముక్క ఇస్తె కార్డేదంటరు. కార్డిస్తె లాబుకు పోతది, తుడిచినయి గూడ బయటికొస్తయి. నువ్వు బయట కూసో."

గంట తర్వాత లక్ష్మీకాంత్ బయటికి వచ్చి కార్డు అతని చేతిలో పెట్టాడు. "నీ కార్డు నీకే. నీ పైసలతోటి కొన్నవు గద" అన్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, "తప్పు నీదని ఉంటెనే ఆ పిల్లగాని తల్లికి ఇన్సూరెన్సు వస్తది. మీవోల్లే గద, పుణ్యం అనుకో. నీ సంగతి నేను జూసుకుంట" అన్నాడు. చూశారా, అన్యాయానికి పుణ్యం రంగు ఎంత ఒడుపుగా పూశాడో!

స్టేషన్లో ఆయన చెప్పింది ఇంకా గొప్పగా ఉంది. డ్రైవరు తెలివి తక్కువవాడు, పెద్దదని ఏదో కార్డు కొన్నాడు, అది కెమెరాకు పడలేదు, అసలు రికార్డే కాలేదు! "అయింది సార్, నేను కండ్లార చూసిన" అని ప్రేమ్‌సింగ్ అంటే, "మీ సారే కాలేదంటుండు, నువ్వేందయ్యా?" అన్నారు వాళ్లు. ఖాళీ కార్డు చూపించి ఏం రుజువు చేస్తాడు? కేసయింది. లైసెన్సు సస్పెండైంది. రెండో వారానికి లక్ష్మీకాంత్ కొత్త డ్రైవరును పెట్టుకున్నాడు. కారుకున్న కెమెరా తీసేశాడు.

దినాలయ్యాక ప్రేమ్‌సింగ్, చాందీ ఇద్దరూ వీరేందర్ తండాకు పోయారు. తల్లి జమ్లీ గడపలో కూర్చుని ఉంది. లేవలేదు. చాందీ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. ప్రేమ్‌సింగ్ దూరంగానే నిలబడి, తమ భాషలోనే చెప్పాడు. "పోయేముందు నిన్నే పిలిచిండు అక్కా. యాడీ అన్నడు, రెండుసార్లు."

జమ్లీ తలెత్తింది. "సంపినోనివి. నీ మాట నేనెట్ల నమ్మాలె?" అంది. ఆ వెంటనే గడప పట్టుకుని లేచింది. "నిజమే అయితె నాకు యినిపియ్యి."

ఆ రెండు పిలుపులు కూడా కార్డులోనే ఉండేవి. ప్రేమ్‌సింగ్ తల వంచుకుని వచ్చేశాడు. తప్పు కొడుకుదని ఆ తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా నమ్మేది కాదు. అతని మాట నమ్మేవాళ్లు ఈ భూమ్మీద చాందీ తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఇప్పుడతను జనగామ మార్కెట్‌లో హమాలీ పని చేస్తున్నాడు. మొన్నొక మధ్యాహ్నం బస్తాలు దించి, చెమట తుడుచుకుంటూ సింధు షాపుకు వచ్చాడు. జరిగిందంతా చెప్పి కార్డు ముందు పెట్టాడు. ఆమెకు కోపం ఆగలేదు.

"పడకపోవుడేంది? నేను మోడల్ చూసే ఇచ్చిన గద!" అంటూ కార్డు కంప్యూటర్లో పెట్టింది. కార్డు భేషుగ్గా ఉంది. లోపల మాత్రం ఏమీ లేదు. వెనక్కి తేవడానికి తనకు తెలిసినదంతా చేసి, చివరికి తల అడ్డంగా ఊపింది. "మొత్తం తుడిచి, మీద ఇంకేందో నింపి, మళ్ల తుడిచిండ్రన్నా. రాదు."

"రాదని నాకెరికే బిడ్డా. పద్దెనిమిది దినాల కార్డును జూసి భయపడ్డడు. పదకొండేండ్ల సంది ముంగట కూసోని అన్నీ ఇన్నోన్ని నేను. నన్ను జూసి ఒక్కనాడు భయపడలే."

సింధు కార్డును కంప్యూటర్లో నుంచి తీసింది. దాన్ని అతని ముందు పెట్టి, "పాతదే ఉంచుకుంటె అయిపోవు గదన్నా. నేనే ఇచ్చిన పెద్దది" అని గొణిగింది.

ఆ మాట ప్రేమ్‌సింగ్ బస్తా మోసిన ప్రతిసారీ అనుకున్నదే. చిన్న కార్డే ఉంటే అందులో ఆ పొద్దుటి మూడు గంటలు, తానొక్కడే నడిపిన రోడ్డు ఉండేవి. దానికి ముందు లక్ష్మీకాంత్ భార్య నిర్మలమ్మ చీరల షాపుకు పోయొచ్చిన రెండు గంటలు. అంతే. లక్ష్మీకాంత్ దాన్ని స్వయంగా స్టేషన్లో ఇచ్చి, మా డ్రైవరు బంగారమని చెప్పి వచ్చేవాడు.

అంతలో ఖాకీ చొక్కా వేసుకున్న ఒకతను కారు ఆపి షాపు మెట్లెక్కాడు. "చెల్లె, కారు కెమెరాకు కార్డు కావాలె. ఉన్నదాంట్ల పెద్దది ఇయ్యి" అన్నాడు.

సింధు మోడల్ నంబరు అడిగేలోపే, స్టూలు మీద నుంచి ప్రేమ్‌సింగే అడిగాడు.

"బండి సొంతదా తమ్మీ, ఓనరుదా?"

"ఓనరుదే అన్నా."

"అయితె చిన్నది తీస్కో. మైకు బంద్ చేయించుకో."